బండి అమ్మేయాలా, పార్శిళ్ళు అప్పజెప్పాలా?

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది తెనాలి. మా తోడికోడలూ నేనూ కలిసి తొమ్మిదేళ్ళుగా పచ్చళ్ళూ పొడులూ చేసి అమ్ముతున్నాం. ఒక టాటా ఏస్, ఒక డ్రైవరు, ఒక హెల్పరు ఉన్నారు. తెనాలి, గుంటూరు, విజయవాడ, బాపట్ల, ఒంగోలు వైపు మొత్తం 120 షాపులకి వారానికొకసారి సరుకు వేస్తాం. ఈ మూడేళ్ళలో ఆన్‌లైన్ ఆర్డర్లు పెరిగి రోజుకి 45 పార్శిళ్ళు వెళ్తున్నాయి, ఆవకాయ సీజన్లో 150 కూడా దాటుతాయి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, అప్పుడప్పుడు అమెరికా. ప్యాకింగు, కొరియర్ ఆఫీసు చుట్టూ తిరగడం, "నా పార్శిల్ ఎక్కడుంది" అనే ఫోన్లు, రాత్రి పదకొండు దాకా ఇదే పని. ఈమధ్య విజయవాడ నుంచి ఒక కంపెనీ వాళ్ళు వచ్చి "మొత్తం మాకిచ్చేయండి, గోడౌన్ మాదే, ప్యాకింగ్ మాదే, డెలివరీ మాదే" అన్నారు. షాపు డెలివరీకి 85 రూపాయలు, పార్శిల్ తీసి ప్యాక్ చేసినందుకు 22 రూపాయలు, కొరియర్ ఛార్జీ, గోడౌన్ అద్దె వేరే. మా ఆయన బండి అమ్మేద్దాం అంటున్నారు. మా మరిది ససేమిరా అంటున్నాడు. డ్రైవరు మొదట్నించీ మాతోనే ఉన్నాడు. ఏం చేయమంటారు? ఖర్చుల కాగితం, పార్శిల్ డబ్బా ఫోటో కూడా జత చేస్తున్నాను.

జవాబు:

అమ్మా, బండి అమ్మకండి. పార్శిళ్ళు ఇచ్చేయండి, అదీ ప్యాకింగ్ మీ దగ్గరే ఉంచుకుని. ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ మీ ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు చెరో పక్క లాగుతున్నారు కాబట్టి, రేపు వాళ్ళ ముందు పెట్టడానికి లెక్క కావాలి. ఆ లెక్కే చేద్దాం.

కాగితం పంపించారు చూడండి, అది మంచి పని చేశారు. చాలామంది "ఖర్చు బాగా అవుతోందండీ" అని రాస్తారు, ఎంతో రాయరు. మీ కాగితంలో డ్రైవరు జీతం 18,000, హెల్పరు 12,000, డీజిల్ 15,600, బండి ఈఎమ్ఐ 11,500 ఉన్నాయి. టైర్లు, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్), సర్వీసింగ్ లేవు. అవి నెలనెలా రావు కాబట్టి అందరూ మర్చిపోతారు, వచ్చిన నెలలో మాత్రం తల పట్టుకుంటారు. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తే మీ బండి వయసుకి నెలకి 5,000 వేసుకోవచ్చు. అంటే 62,100. నెలకి 26 రోజులు, రోజుకి సగటున 20 షాపులు, 520 డెలివరీలు. ఒక షాపు మెట్టు ఎక్కి సరుకు దించిన ప్రతిసారీ మీకు పడుతున్నది 119 రూపాయలు.

కంపెనీ వాడు 85 అన్నాడు. మీ ఆయన చూసింది ఈ 34 రూపాయల తేడానే అయ్యుంటుంది. ఆయన్ని తప్పుపట్టను, ఎవరికైనా కనిపించేది అదే.

ఇప్పుడు మీ డ్రైవరు షాపులో చేసే పని ఒకసారి కళ్ళ ముందు తెచ్చుకోండి. బండి ఆపుతాడు. హెల్పరు డబ్బా దించుతాడు. ఈలోగా డ్రైవరు లోపలికెళ్ళి అలమర చూస్తాడు, గోంగూర రెండు సీసాలే మిగిలాయని, కందిపొడి వెనక్కి నెట్టేసి ముందు ఇంకెవరిదో పెట్టారని ఆయనకి అక్కడే తెలుస్తుంది. పోయిన వారం బాకీ అడుగుతాడు. షాపాయన "వచ్చేవారం" అంటే నవ్వి అక్కడే నిలబడతాడు, నిలబడితే సగమైనా వస్తుంది. నూనె కారిన సీసా ఉంటే మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకుంటాడు. వచ్చేవారం ఆర్డరు చిట్టీ మీద రాసుకుంటాడు. ఈ పనుల్లో డెలివరీ అనేది ఒకటే. మిగతా నాలుగూ అమ్మకం, వసూలు. మీరు డ్రైవరు జీతం అని రాసిన 18,000కి ఒక సేల్స్‌మన్, ఒక వసూళ్ళ గుమాస్తా కూడా వస్తున్నారు.

కంపెనీ వాళ్ళ కుర్రాడు డబ్బా దించి, ఫోన్లో సంతకం పెట్టించుకుని, ఫోటో తీసుకుని వెళ్ళిపోతాడు. అతనికి రోజుకి ఇన్ని డెలివరీలని లెక్క, మీ గోంగూర అయిపోతే అతనికేం పట్టింది? అప్పుడు ఆర్డర్లకీ వసూళ్ళకీ ఇంకో మనిషిని పెట్టుకోవాలి. జీతం 18,000, పెట్రోలు 4,000 అనుకోండి. 85 రూపాయల చొప్పున 520 డెలివరీలకి 44,200, ఈ 22,000 కలిపితే 66,200. ఇప్పటికంటే 4,100 ఎక్కువే. పైగా ఇది గోడౌన్ అద్దె కలపకుండానే. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తారు, మీది మామూలు రిజిస్ట్రేషన్ అయితే దాన్ని ఇన్‌పుట్‌ కింద మీరు కట్టే జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు కాబట్టి దాన్ని లెక్కలో వేయలేదు. (మీది కాంపోజిషన్, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతమే పన్ను కట్టే పద్ధతి, అయ్యుండి బెంగళూరుకి అమ్ముతుంటే మాత్రం ఇది చదవడం ఆపి ముందు మీ ఆడిటరు దగ్గరికి వెళ్ళండి. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రానికి అమ్మడానికి వీల్లేదు.)

నాకిది పుస్తకంలో చదివి తెలిసిన సంగతి కాదు. మాకు మసాలా పొడుల వ్యాపారం ఉండేది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి, వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశాక గోడౌన్ల కంపెనీలు ఒక్కసారిగా ఎక్కువయ్యాయి. అంతకుముందు ఊరూరా, రాష్ట్రం రాష్ట్రానికీ చిన్న చిన్న గోడౌన్లు పెట్టుకున్నవాళ్ళు ఒకచోటికి చేర్చడం మొదలుపెట్టారు. నేనూ ఆ ఊపులో హైదరాబాద్‌లో ఒక కంపెనీకి మొత్తం అప్పజెప్పాను, ఉన్న రెండు బండ్లూ అమ్మేశాను. మొదటి రెండు నెలలూ హాయిగానే ఉంది, మధ్యాహ్నం నిద్ర కూడా పోయేవాణ్ణి. నాలుగో నెలలో ఒక షాపాయన ఫోన్ చేసి, "ఏమండీ, మీ సాంబారు పొడి వాసనే లేదు" అన్నాడు. వెళ్ళి గోడౌన్ చూశాను. ర్యాక్‌లో ముందున్నవి కొత్త డబ్బాలు. వాటి వెనక, గోడ పక్కన, గడువు నెల కూడా లేని డబ్బాలు నలభై ఉన్నాయి. కొత్త లోడు వచ్చినప్పుడల్లా పాతవాటి ముందు పెట్టేశారు, చేతికి అందినవి పంపేశారు. కొన్నాళ్ళకి ఎవరికో వెనకవి అంది, అవీ పంపారు. ఆ కుర్రాళ్ళ తప్పేం లేదు, ముందు గడువు తీరేది ముందు వెళ్ళాలని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఒప్పందంలో నేనూ రాయించలేదు. అంతకంటే పెద్ద దెబ్బ ఏమిటంటే, ఆ నాలుగు నెలల్లో మా షాపుల వాళ్ళతో మాట్లాడే మనిషి మాకు లేకుండా పోయాడు. మళ్ళీ బండి కొనుక్కుని వెళ్తే మా అలమరలో వేరేవాళ్ళ పొడులున్నాయి.

అందుకని బండి ఉంచమంటున్నాను. అయితే ఉన్నదున్నట్టు ఉంచమనడం లేదు. 119 అన్నది సగటు, సగటు చాలా దాస్తుంది.

మీ కాగితంలో రూట్ల వారీగా షాపుల సంఖ్య రాశారు, అది చూస్తే ఒంగోలు రోజు తొమ్మిదే షాపులు, డీజిల్ 1,100. రానూపోనూ 200 కిలోమీటర్లు దాటుతుంది మరి. మిగిలిన ఐదు రోజులూ సగటున 22 షాపులు, 500 డీజిల్. జీతాలు, ఈఎమ్ఐ, మరమ్మతులు కలిపి రోజుకి 1,788 పడుతోంది. అంటే మిగతా రోజుల్లో ఒక షాపుకి అయ్యేది 104 రూపాయలు. ఒంగోలు రోజు 321. ఒక షాపు సగటు ఆర్డరు 2,600 అన్నారు, అందులో 104 అంటే నూటికి నాలుగు రూపాయలు, ఫరవాలేదు. 321 అంటే నూటికి పన్నెండు పైన, ఆ తొమ్మిది షాపుల్లో మీకు మిగిలేదేమీ ఉండదు.

కాబట్టి బయటకి ఇవ్వాల్సింది ఒంగోలు లైను. దానికి ఈ కంపెనీయే అక్కర్లేదు. తెనాలి నుంచి ఒంగోలుకి ఆర్టీసీ కార్గో ఉంది, రోజూ వెళ్ళే ట్రాన్స్‌పోర్ట్ బండ్లున్నాయి. డబ్బాలు కట్టి, షాపు పేరు రాసి, బుక్ చేసి రసీదు ఫోటో షాపాయనకి వాట్సాప్‌లో పెడితే ఆయన తీసుకుంటాడు. కొంతమంది "స్టాండుకి ఎవరొస్తారమ్మా, ఇంతకాలం షాపుకే ఇచ్చారుగా" అంటారు, వాళ్ళకి కంపెనీ 85 రూపాయల డెలివరీ వాడుకోండి, అక్కడ అది చవకే. ఆర్డరు ఫోన్లో, డబ్బు ఫోన్‌పేలో. నెలకొకసారి మీ మరిది బండెక్కి వెళ్ళి ఆ తొమ్మిది మందినీ పలకరించి రావాలి, బండి అమ్మొద్దన్నది ఆయనే కదా, ఆ మాత్రం చేస్తాడు.

కానీ ఒక చిక్కుంది, దాన్ని దాచను. ఒంగోలు మానేస్తే మీకు నిజంగా మిగిలేది ఆ రోజు డీజిల్ 1,100 మాత్రమే. జీతం ఆగదు, ఈఎమ్ఐ ఆగదు. ఆ రోజు బండి ఇంటి ముందు నిలబడితే మీరు చేసిన లెక్కంతా కాగితం మీదే ఉంటుంది. ఖాళీ అయిన ఆ ఒక్క రోజుకి దగ్గర్లో పది పదిహేను కొత్త షాపులు పట్టాలి, మంగళగిరి వైపో, గుంటూరులో మీరింకా వెళ్ళని వీధులో. అది చేయగలిగితేనే ఒంగోలు వదలండి. చేయలేకపోతే ఇప్పటికి అలాగే నడవనివ్వండి, తొందరేం లేదు.

ఇక పార్శిళ్ళు. ఇక్కడ నా మాట పూర్తిగా మారిపోతుంది.

షాపులకి తిరిగే బండి మీది, ఆ దారి మీది, ఆ మనుషులు మీవాళ్ళు. బెంగళూరులో ఏదో అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తుకి అరకిలో ఆవకాయ చేర్చడంలో మీకున్న నేర్పేమిటి? ఏమీ లేదు. కొరియర్ వాళ్ళు అదే లారీలో వేలమంది పార్శిళ్ళు వేసి తీసుకెళ్తారు కాబట్టి వాళ్ళకి గిట్టుబాటు. పైగా మీది సీజన్ వ్యాపారం. ఏప్రిల్, మే, జూన్‌లలో 150, ఆషాఢం మొదలయ్యాక మళ్ళీ 45. ఆ 150కి సరిపడా సొంత ఏర్పాట్లు పెట్టుకుంటే మిగతా తొమ్మిది నెలలూ కూర్చోబెట్టి జీతాలివ్వాలి. పార్శిల్‌కింత అని ఇచ్చే పద్ధతిలో ఆ బాధ లేదు.

నిజానికి మీరు పార్శిళ్ళని ఇప్పటికే బయటికిచ్చేశారు, కొరియర్ వాళ్ళే మోస్తున్నారు. కాకపోతే కౌంటర్ దగ్గర నిలబడి, వాళ్ళు అడిగిన రేటుకి ఇస్తున్నారు. పార్శిల్‌కి సగటున 118 పడుతోందని రాశారు. నెలకి 1,170 పార్శిళ్ళు పంపేవాళ్ళు కౌంటర్ రేటు కట్టడమేమిటమ్మా! నాలుగైదు కొరియర్లని ఒకేచోట చూపించే యాప్‌లున్నాయి, షిప్‌రాకెట్ లాంటివి. లేదా నేరుగా కొరియర్ కంపెనీతోనే అకౌంట్ తెరవండి. పార్శిల్ మీద 20 రూపాయలు తగ్గినా నెలకి 23,400. వాళ్ళే సాయంత్రం ఇంటికొచ్చి తీసుకెళ్తారు, మీ హెల్పరు స్కూటీ మీద సంచులు వేలాడదీసుకుని తిరగక్కర్లేదు. ట్రాకింగ్ మెసేజ్ కొన్నవాళ్ళ ఫోన్‌కే వెళ్తుంది కాబట్టి ఆ "ఎక్కడుంది" ఫోన్లలో సగం పోతాయి. మిగతా సగం పోవు, ఆశ పెట్టుకోకండి. కొరియర్ వెళ్ళని పల్లెలకి పోస్టాఫీసు ఉండనే ఉంది, దేశంలో లక్షన్నరకి పైగా ఉన్నాయి, స్పీడ్ పోస్ట్ చేరని ఊరు వెతకాలి.

ప్యాకింగ్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఎందుకంటే కొత్తావకాయ సంగతి మీకు నేను చెప్పాలా, కలిపి జాడీలో పెట్టాక మూడో రోజు తిరగకలిపి, నూనె పైకి తేలి, ముక్క ఊరి సర్దుకునేదాకా అది ఊరుకోదు. ఆలోపు పౌచ్‌లో పోసి సీలు వేస్తే బెంగళూరు చేరేసరికి దిండులా ఉబ్బుతుంది, మూల చిట్లి నూనె కారి, పక్కవాళ్ళ పుస్తకాల పార్శిల్ కూడా పసుపు రంగు తిరుగుతుంది. ఏ బ్యాచ్ పంపొచ్చు, ఏది ఇంకో నాలుగు రోజులు ఆగాలి అన్నది మీ తోడికోడలు మూత తీసి చూసి చెబుతుంది. గోడౌన్‌లో కుర్రాడికి కనిపించేది స్టిక్కరు మాత్రమే. డబ్బు లెక్క చూసినా అంతే, 22 రూపాయల చొప్పున 1,170కి 25,740. ఆ డబ్బుతో మీ వీధిలోనే ఇద్దరు ఆడవాళ్ళని పూర్తిగా ప్యాకింగ్‌కే పెట్టుకోవచ్చు, సీజన్‌లో ఇంకో ఇద్దరిని రోజు కూలికి పిలవొచ్చు. మీరిద్దరూ రాత్రి పదకొండు దాకా పడే కష్టం ఆ కాగితంలో ఎక్కడా లేదు, గమనించారా? మీకు మీరు జీతం వేసుకోలేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళకి ఇచ్చేది నిజానికి మీ జీతమే, మీరు ఇన్నాళ్ళూ ఊరికే చేశారు.

ప్యాకింగ్ మీ చేతిలో ఉంటే ఇంకో లాభం. కొరియర్ వాళ్ళు అసలు బరువూ, డబ్బా కొలతల బరువూ రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి డబ్బు వేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలామంది 5000తో భాగిస్తారు. కొందరు ఇంకా తక్కువతో భాగిస్తారు, అడిగి రాయించుకోండి. మీరు పంపిన ఫోటోలో డబ్బా 30, 25, 20 ఉన్నట్టుంది. అంటే 15,000, భాగిస్తే మూడు కిలోలు. లోపలున్నది 1.8 కిలోలు. మీరు గాలికి డబ్బు కడుతున్నారు. అదే సరుకు 25, 20, 15 డబ్బాలో పడితే కొలతల బరువు కిలోన్నరే, అప్పుడు అసలు బరువు మీదే బిల్లు. గాజు సీసాలు మానేసి గట్టి పౌచ్‌లకి మారి, రెండు పొరల కవరు వేస్తే ఈ సైజు సరిపోతుంది. అట్టపెట్టెల షాపులో మూడు సైజులు చేయించుకోండి, ప్రతి డబ్బా త్రాసు మీద పెట్టి కొలబద్దతో సహా ఫోటో తీసి ఉంచండి, నెలాఖర్లో "బరువు తేడా వచ్చింది" అని బిల్లు వేసినప్పుడు అది పనికొస్తుంది. వేస్తారు, అనుమానం లేదు.

క్యాష్ ఆన్ డెలివరీ ఇస్తున్నారో లేదో రాయలేదు. ఇస్తుంటే ఆపేయండి. తలుపు తీయని వాళ్ళ పార్శిల్ వెనక్కొస్తే వెళ్ళిన ఛార్జీ, వచ్చిన ఛార్జీ రెండూ మీవే. చొక్కా అయితే మళ్ళీ అమ్ముకోవచ్చు, పన్నెండు రోజులు లారీల్లో ఎండకి తిరిగొచ్చిన మాగాయని ఎవరికి అమ్ముతారు? అమ్మకూడదు కూడా. తీసుకున్నవాళ్ళ డబ్బయినా కొరియర్ వాళ్ళ దగ్గర వారమో పది రోజులో ఆగి వస్తుంది. ముందే యూపీఐలో కట్టినవాళ్ళకి వందగ్రాముల కరివేపాకు పొడి ఉచితం అని పెట్టి చూడండి, మనవాళ్ళు ఉచితం అంటే కడతారు.

అమెరికా పార్శిళ్ళ గురించి ఎక్కువ చెప్పను, అది పూర్తిగా ఆ పని తెలిసినవాళ్ళకి ఇచ్చేయాల్సిందే. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపు తీసేశారు. అమ్మకానికి పంపే తిండి వస్తువుల గురించి అక్కడి ఆహార, మందుల శాఖ ఎఫ్‌డీఏకి ముందుగా తెలియజేయాలి. నెలకి పది పార్శిళ్ళ కోసం ఈ రూల్స్ వెంటపడి టెన్షన్ పెట్టుకోవద్దు. సుంకం ఎవరు కడతారో మాత్రం ఆర్డరు తీసుకునేటప్పుడే డల్లాస్ వాళ్ళకి స్పష్టంగా చెప్పండి, తర్వాత "ముందే చెప్పలేదు" అంటారు.

రేపు ఎప్పుడైనా రోజుకి రెండు మూడొందలు స్థిరంగా దాటి, అందులో సగం ఒక్క హైదరాబాద్‌కే వెళ్తుంటే అప్పుడు గోడౌన్ ఆలోచన చేయొచ్చు, అదీ బాగా ఊరి నిలబడిన సరుకుకీ, పొడులకీ. అప్పటికి గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. మీ సరుకు నిల్వ ఉండే గోడౌన్‌కి కూడా ఫుడ్ లైసెన్స్ ఉండాలి, మీ వంటింటి లైసెన్స్ అక్కడికి చెల్లదు. జీఎస్టీలో ఆ చిరునామా అదనపు స్థలంగా చేర్చాలి. వేరే రాష్ట్రంలో అయితే అక్కడ విడిగా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, హైదరాబాదైనా సరే మనకిప్పుడు వేరే రాష్ట్రమే. లోడు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ రవాణా పత్రం, తీయాలి.

ఆ కంపెనీ వాళ్ళు మళ్ళీ వస్తారు. ఒంగోలు షాపుల కోసమో, సీజన్ కోసమో వాళ్ళతో కొంత పని పెట్టుకోవచ్చు, తప్పులేదు. అప్పుడు రేటు గురించి కాసేపే మాట్లాడండి, నెలకి కనీస బిల్లు ఎంత అన్నదాని గురించి ఎక్కువసేపు మాట్లాడండి. వారానికి తొమ్మిది షాపుల చొప్పున నాలుగు వారాలకి మీకు 3,060 రూపాయల పనే ఉన్నా 15,000 కట్టాలంటే ఆ 85 రేటుకి అర్థం లేదు. సరుకు పోతే, పగిలితే ఎంతిస్తారో రాయించండి, "చూసుకుంటాం మేడమ్" అనేది రాత కాదు. లీకయ్యే సరుకు, గాజు అనగానే చాలామంది బాధ్యత తీసుకోరు, రసీదు వెనకాల చిన్నక్షరాల్లో అదే ఉంటుంది. మానేయాలనుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, సరుకు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్నది కూడా. ఇంకోటి, మీ షాపుల వాళ్ళ ఫోన్ నంబర్లూ, ఎవరు ఎంత కొంటారన్న లెక్కా వాళ్ళ కంప్యూటర్లోకి వెళ్తాయి. రేపు అదే గోడౌన్‌లో ఇంకో పచ్చళ్ళ కంపెనీ సరుకు కూడా ఉండొచ్చు. సంతకం పెట్టేముందు వాళ్ళ పాత కస్టమర్లలో ఒకరితో మాట్లాడండి. వాళ్ళు చూపించినవాళ్ళతో కాదు, మీరు వెతుక్కున్నవాళ్ళతో. గోడౌన్ దగ్గరికి మధ్యాహ్నం మూడింటికి చెప్పకుండా వెళ్ళి, ర్యాక్‌లో వెనక ఏముందో చూడండి.

ఇక మీ ఆయనకి ఏం చెప్పాలంటారా. ఆయన చూసిన 34 రూపాయలు నిజమే అనండి, తర్వాత ఈ 66,200 లెక్క దాని పక్కనే చూపించండి. పార్శిళ్ళలో 23,400 మిగిలే దారి ఆయనకే అప్పజెప్పండి, కొరియర్ వాళ్ళతో రేట్లు మాట్లాడటం ఆయన పని. మొదటి మూడు నెలలు హైదరాబాద్ పార్శిళ్ళు మాత్రమే కొత్త పద్ధతిలో పంపి, ఎన్ని ఆలస్యమయ్యాయి, ఎన్ని కారాయి అని నోట్‌బుక్‌లో రాయండి. బాగుంటే బెంగళూరు, ఆపైన చెన్నై. ఈ మార్పు ఏప్రిల్లో మాత్రం మొదలుపెట్టకండి, మామిడికాయ దిగే వేళ కొత్త ప్రయోగాలు వద్దు, వర్షాలు పడ్డాక చేయండి.

డ్రైవరు సంగతి చివర్న రాశారు గానీ, మీ మనసులో అదే మొదటిదని నాకర్థమైంది. బండి అమ్మడం గురించి మీ ఇంట్లో జరుగుతున్న మాటలు ఆయన చెవిన పడే ఉంటాయి, తొమ్మిదేళ్ళుగా ఇంట్లో మనిషిలా తిరిగేవాడికి ఇలాంటివి ముందే తెలుస్తాయి. ఒంగోలు లైను ఆపితే "ఇవాళ ఇది, రేపు నేను" అనుకుంటాడు. కాబట్టి ఆ రోజుకి కొత్త షాపులు పట్టే పని ఆయనకే ఇవ్వండి, కొత్త షాపు మూడు నెలలు నిలబడితే షాపుకింత అని ఏదైనా ఇవ్వండి. 120 షాపుల్లో ఎవరు ఎప్పుడు డబ్బిస్తారో ఆయన బుర్రలోనే ఉంది, ఆ చిట్టీలన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించమని కూడా నెమ్మదిగా చెప్పండి, ఆయన నెల రోజులు మంచాన పడితే మీ గతేమిటి? ఈ కబురు మీ ఆయన చేతో, మరిది చేతో చెప్పించకుండా మీరే చెప్పండి. జీతమిచ్చే రోజున వద్దు, ఇంకేదైనా రోజు, పొద్దున్నే లోడు ఎక్కించేటప్పుడు.